సింగపూర్ వెళ్ళే అమ్మానాన్నలకు రోమింగ్ ప్యాక్ వేయించాలా, అక్కడి సిమ్ కొనాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మానాన్నలు మొదటిసారి దేశం దాటుతున్నారు. విశాఖ నుంచి సింగపూర్ వెళ్ళి తమ్ముడి దగ్గర ఇరవై రోజులు ఉంటారు, మధ్యలో నాలుగు రోజులు మలేషియా చూసొస్తారు. ఇక్కడే రోమింగ్ ప్యాక్, అంటే మన సిమ్మే అక్కడా పనిచేసే ప్లాన్, వేయించి పంపాలా, అక్కడ దిగాక ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కోమనాలా? కొత్త సిమ్ వేస్తే అమ్మగారి వాట్సాప్ పోతుందేమోనని, నాన్నగారి బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయేమోనని మీ భయం. నాన్నగారి నంబరు ఉన్నదేమో పాత కీప్యాడ్ ఫోన్లో.

ముందు జవాబు చెప్పేస్తాను: అక్కడి సిమ్ కొనండి, కానీ ఇక్కడి సిమ్ మాత్రం ఫోన్లోంచి తీయకండి. ఒక స్లాట్లో మన సిమ్, అది ఓటీపీలకు మాత్రమే. రెండో స్లాట్లో సింగపూర్ సిమ్, నెట్ అంతా దాని మీదే. మన సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్. నాన్నగారి కీప్యాడ్ ఫోను మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్ళాల్సిందే, ఎందుకో కింద చెబుతాను.

నేను షిప్పుల్లో ఇంజిన్ రూమ్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఉండేది మల్కాపురంలో. ఎన్ని పోర్టుల్లో ఎన్ని సిమ్‌లు కొన్నానో లెక్క లేదు. మా ఆవిడ వాటిని ఒక జర్దా డబ్బాలో దాచింది, ఇప్పుడు మనవడు వాటితో ఆడుకుంటాడు. మొదట్లో సిమ్‌లు కూడా లేవు. గీకితే నంబరు కనిపించే కాలింగ్ కార్డు కొని, పోర్టు గేటు దగ్గర ఫోన్ బూత్ ముందు లైన్లో నిలబడేవాళ్ళం. మా వంతు వచ్చేసరికి ఇక్కడ అర్ధరాత్రి, పక్కింటి వాళ్ళ ల్యాండ్‌లైన్‌కు చేసి "మా ఇంట్లో వాళ్ళని కాస్త పిలవండి" అని బతిమాలుకోవడం. అలాంటి రోజులు చూసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

చాలామంది రోమింగా, లోకల్ సిమ్మా అని ఒకే ప్రశ్న వేస్తారు. నిజానికి అందులో మూడు అవసరాలు కలిసి ఉన్నాయి. ఒకటి నెట్: మ్యాపులు, వీడియో కాల్స్, ఫొటోలు పంపడం. రెండు, అక్కడి వాళ్ళు మనకి ఫోన్ చేయడానికి ఒక నంబరు. మూడు, మన బ్యాంకు పంపే ఓటీపీ. నెట్‌కు లోకల్ సిమ్ చవక. అక్కడి నంబరు లోకల్ సిమ్‌తోనే వస్తుంది. ఓటీపీ మాత్రం మామూలుగా మన సిమ్‌కే వస్తుంది. ఈ మూడూ ఒక్క రోమింగ్ ప్యాక్‌తో కానిద్దామనుకుంటే ఇరవై రోజులకు బాగానే వదులుతుంది. నాలుగైదు రోజుల ప్రయాణమైతే మాత్రం నేనే రోమింగ్ ప్యాక్ వేయించుకోమంటాను. ఆ కాస్త రోజులకు కౌంటర్ల చుట్టూ తిరగడం ఎందుకు?

ఇక నాన్నగారి కీప్యాడ్ ఫోన్ సంగతి. సింగపూర్‌లో 2జి నెట్‌వర్క్‌ను 2017 ఏప్రిల్‌లో మూసేశారు. 3జిని కూడా 2024లో ఎత్తేశారు. మలేషియాలోనూ 3జి 2021తోనే పోయింది. అంటే 2జి మీద నడిచే కీప్యాడ్ ఫోను సింగపూర్‌లో దిగాక గడియారంలా టైము చూసుకోవడానికే పనికొస్తుంది. అందులో ఉన్న సిమ్‌కు రోమింగ్ వేయించినా సిగ్నల్ రాదు, ఓటీపీ రాదు. మా వీధిలో ఒకాయనకు సరిగ్గా ఇదే జరిగింది. కొడుకు దగ్గరికి వెళ్ళి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూ చేసుకోలేక నెల రోజులు ఒకటే టెన్షన్. రోమింగ్‌కు డబ్బులు కట్టాడు కూడా. తప్పు ఫోన్‌ది, తిట్లు మాత్రం సిమ్ కంపెనీకి.

కాబట్టి ఇంట్లో సొరుగులో పడున్న పాత 4జి ఫోను ఏదైనా ఉంటే నాన్నగారి సిమ్ అందులోకి మార్చండి. ప్రయాణానికి పది రోజుల ముందే మార్చండి, ఆయన చేతికి అలవాటవ్వాలి. సెట్టింగ్స్‌లో వీవోఎల్‌టీఈ, అంటే 4జి మీదే కాల్స్ నడిపే సౌకర్యం, ఆన్‌లో ఉందో లేదో చూడండి. పాత చిన్న కీప్యాడ్ ఫోన్లలో పెద్ద సిమ్ ఉంటుంది, కొత్త ఫోన్లకు నానో సిమ్ కావాలి. కత్తెరతో కోయకండి దయచేసి. కంపెనీ స్టోరుకు వెళ్ళి నానో సిమ్ తీసుకోండి. మార్చిన మొదటి రోజు ఎస్సెమ్మెస్‌లు రావు, అందుకే పది రోజుల ముందే అంటున్నాను.

బయల్దేరే ముందు మన సిమ్‌ల విషయంలో చూడాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ అయి ఉండాలి. ప్రీపెయిడ్ నంబర్లకు దానంతటదే ఉంటుందనుకోవద్దు, కంపెనీ యాప్‌లో చూడండి లేదా ద్వారకానగర్ వైపు వెళ్ళినప్పుడు స్టోర్‌లో అడగండి. మామూలు రీఛార్జ్ గడువు వాళ్ళు తిరిగొచ్చే తేదీ దాటి ఉండాలి. అక్కడ ఉండగా ఇక్కడ వ్యాలిడిటీ అయిపోతే రోమింగ్ ఉన్నా ప్రయోజనం లేదు. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మన కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు, కాబట్టి ఓటీపీల కోసం పెద్ద ప్యాక్ అక్కర్లేదు. మీ ప్లాన్‌లో ఆ మాట ఒకసారి సరిచూసుకోండి.

వచ్చే కాల్ ఎత్తితే మాత్రం డబ్బు పడుతుంది. ప్యాక్ లేకుండా ఎత్తితే నిమిషానికి ఇంత అని కోసేస్తారు. బంధువులకు ముందే చెప్పండి, వాట్సాప్‌లోనే కాల్ చేయమని. లోన్ కావాలా అని చేసేవాళ్ళు ఉంటారే, వాళ్ళకు మనం సింగపూర్‌లో ఉన్నామో సింహాచలంలో ఉన్నామో తెలియదు. నాన్నగారు మర్యాదస్తులైతే "వద్దమ్మా" అని చెప్పడానికి కూడా ఫోన్ ఎత్తుతారు. ఆ మర్యాదకు ఖరీదు ఉంటుందని చెప్పండి.

వాట్సాప్ గురించి మీ భయం అక్కర్లేదు. కొత్త సిమ్ వేశాక ఎప్పుడైనా "నంబర్ మార్చమంటారా" అని అడగొచ్చు. వద్దు, పాతదే ఉంచు అని నొక్కితే చాలు. వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది, నెట్ ఏ సిమ్‌ది అయినా దానికి పట్టింపు లేదు. తెలియక నొక్కేసేది ఇక్కడే కాబట్టి, ఆ ప్రశ్న వస్తే ఏం చేయాలో అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి కొంచెం పేచీ. మన సిమ్‌ను ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కు మార్చినా, తీసి పెట్టినా అవి మళ్ళీ వెరిఫై చేయమంటాయి. అప్పుడు మన నంబరు నుంచి ఎస్సెమ్మెస్ బయటకు వెళ్ళాలి, రోమింగ్‌లో దానికి చార్జీ ఉంటుంది, ఒక్కోసారి వెళ్ళదు కూడా. అందుకే మన సిమ్ ఉన్న స్లాట్ జోలికి పోవద్దు. ఖాళీ స్లాట్లోనే కొత్తది వేయించుకోవాలి.

ఇప్పుడు సింగపూర్‌లో కొనడం. సింగ్‌టెల్, స్టార్‌హబ్, ఎం1, సింబా అని నాలుగు కంపెనీలు. టూరిస్టులకు నాలుగింటిలో ఏదైనా ఒకటే, ఊరు చిన్నది, సిగ్నల్ అంతటా ఉంటుంది. చాంగీ విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటకు వచ్చే దారిలో డబ్బు మార్చే కౌంటర్లు ఉంటాయి, సిమ్‌లూ అక్కడే అమ్ముతారు. మన విశాఖ నుంచి స్కూట్ విమానం రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. నేను దిగినప్పుడు ఆ వేళకు కూడా కౌంటర్లో మనిషి ఉన్నాడు. నేను చివరిసారి కొన్న టూరిస్టు కార్డు పన్నెండు సింగపూర్ డాలర్లు. ఊళ్ళోకి వెళ్ళాక సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోనూ, లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్ చుట్టుపక్కల కొట్లలోనూ దొరుకుతాయి. అక్కడ ఆదివారం సాయంత్రం వెళ్తే తెలుగులోనే బేరమాడొచ్చు. అయినా పెద్దవాళ్ళు కాబట్టి విమానాశ్రయంలోనే తీసుకోమనండి, ఒకటి రెండు డాలర్లు ఎక్కువైనా సరే.

పాస్‌పోర్టు అసలుది చూపించాలి. నకలు, ఫోన్లో ఫొటో కుదరవు. సింగపూర్‌లో ఒక మనిషి పేరు మీద మూడు ప్రీపెయిడ్ సిమ్‌లకు మించి ఇవ్వరు. మూడు మనకు ఎక్కువే, కానీ ఆ లెక్క ఉందన్నది గుర్తుంచుకోండి. ఎవరైనా "మీ పాస్‌పోర్టు ఇవ్వండి, మా వాడికో సిమ్ తీసుకుంటాం" అంటే ఇవ్వొద్దు. మీ తమ్ముడు తన పేరున తీసి ఇస్తానన్నా నేనైతే ఎవరిది వారి పాస్‌పోర్టు మీదే తీసుకోమంటాను.

కొనేటప్పుడు అందరూ ఎన్ని జీబీలు అని చూస్తారు. జీబీలు వాళ్ళు ఎలాగూ ధారాళంగానే ఇస్తారు, వంద జీబీ అని రాసి ఉంటుంది, అమ్మగారు రోజంతా సీరియళ్ళు చూసినా అవ్వదు. చూడాల్సింది రోజులు. ఏడు రోజులవి, పన్నెండు పద్నాలుగు రోజులవి, ఇరవై ఎనిమిది రోజులవి ఉంటాయి. వీళ్ళు ఉండేది ఇరవై రోజులు కాబట్టి ఇరవై ఎనిమిది రోజులదే అడగాలి. రెండోది, "మలేషియాలో పనిచేస్తుందా" అని అడగాలి. సింగపూర్ టూరిస్టు సిమ్‌లలో కొన్నింటికి మలేషియా రోమింగ్ డేటా కలిపే ఇస్తారు. అలాంటిది తీసుకుంటే ఆ నాలుగు రోజులకు వేరే సిమ్ గొడవ ఉండదు. లేదంటే మలేషియాలో సెల్‌కామ్‌డిజి, హాట్‌లింక్, యు మొబైల్ దొరుకుతాయి, వాటికీ పాస్‌పోర్టే.

కౌంటర్ దగ్గర తొందరపడొద్దు. సిమ్ వేసి, నెట్ వచ్చి, వాట్సాప్‌లో మీకు ఒక వీడియో కాల్ వెళ్ళేవరకు అక్కడి నుంచి కదలొద్దనండి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఒక పోర్టులో గ్యాంగ్‌వే, అంటే షిప్ మెట్లు, ఎక్కి వచ్చి సిమ్‌లు అమ్మే కుర్రాడి దగ్గర ఇరవై డాలర్లకు ఒకటి కొన్నాను. వాడు దిగి వెళ్ళాక వేసి చూస్తే అప్పటికే ఎవరో వాడేసిన సిమ్, బ్యాలెన్స్ సున్నా. షిప్‌లో మాకు పాస్‌పోర్టు చేతిలో ఉండదు, కెప్టెన్ దగ్గరో ఏజెంటు దగ్గరో ఉంటుంది. ఒడ్డుకు దిగడానికి మాకిచ్చే షోర్ పాస్ చూపిస్తే చాలా దుకాణాల్లో సిమ్ ఇవ్వరు, అందుకే అలాంటి వాళ్ళ చేతికి చిక్కుతాం. మీ వాళ్ళకు ఆ ఖర్మ లేదు, పాస్‌పోర్టు చేతిలోనే ఉంటుంది.

సిమ్ వేశాక సిగ్నల్ ఉండి నెట్ రాకపోతే కంగారు పడొద్దు. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయాలి. అప్పటికీ రాకపోతే ఏపీఎన్ అనే నెట్ సెట్టింగ్ చూడాలి, కార్డు అట్ట మీద రాసి ఉంటుంది, కౌంటర్లో వాళ్ళే పెట్టి ఇస్తారు. తర్వాత సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు సింగపూర్ సిమ్‌ను ఎంచుకోవాలి. ఇంకొకటి, చాలా ఫోన్లలో ఒక సిమ్‌లో నెట్ బలహీనపడితే రెండో సిమ్‌కు దానంతటదే మారే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆపేయాలి. నాకు ఒకసారి దీనివల్లే పదకొండు వేలు బిల్లు వచ్చింది. నేనేమో లోకల్ సిమ్ మీదే సినిమా చూస్తున్నాననుకున్నాను. అదేమో షిప్ లంగరు వేసిన చోట సిగ్నల్ తగ్గగానే ఇండియా సిమ్ మీదికి దూకేసింది.

సరిహద్దుల్లో ఇంకో చిక్కు ఉంటుంది. సింగపూర్ ఉత్తరం వైపు, వుడ్‌లాండ్స్ దగ్గర, ఫోన్ మలేషియా టవర్ పట్టేస్తుంది. సముద్రం ఒడ్డున ఉంటే ఇండోనేషియా బాతమ్ టవర్ తగులుతుంది. కొన్న సిమ్‌లో ఆ దేశం కలిపి లేకపోతే నెట్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి చేత్తో ఎంచుకోవాలి. విమానం ఎక్కగానే ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు. కొన్ని విమానాల్లో, ఓడల్లో ఉండే శాటిలైట్ నెట్‌వర్క్ మామూలు రోమింగ్ ప్యాక్‌లలో ఉండదు, దాని రేటు వేరు.

ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్లోనే వేసుకునే సిమ్, గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఫోన్ డయలర్లో *#06# కొట్టండి. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అని పొడవాటి నంబరు కనిపిస్తే ఫోన్లో ఈ-సిమ్ సౌకర్యం ఉన్నట్టే. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. లాభం ఏమిటంటే ఇంట్లో వైఫై మీదే వేసేసుకుని వెళ్ళొచ్చు, దిగగానే నెట్ వస్తుంది. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి వేయడానికి నెట్ కావాలి, కాబట్టి ఇంట్లోనే వేసుకోవాలి, అక్కడ దిగాక కాదు. నష్టం ఏమిటంటే టూరిస్టు ఈ-సిమ్‌లలో చాలావరకు నెట్ మాత్రమే ఉంటుంది, అక్కడి ఫోన్ నంబరు రాదు. ఎయిరాలో, హోలాఫ్లై లాంటి విదేశీ కంపెనీల యాప్‌లను అనుమతి లేదన్న కారణంతో 2024 జనవరిలో మన దేశంలో యాప్ స్టోర్ నుంచి తీయించారు. నా సలహా, అరవై దాటినవాళ్ళకు మొదటి ప్రయాణానికి చేతిలో పట్టుకునే సిమ్మే నయం. ఏదైనా తేడా వస్తే "ఇదిగో ఈ కార్డు" అని కొట్టువాడికి చూపించొచ్చు.

మీ ప్రశ్న కింద ఇంకొకరు మిగతా దేశాల సంగతి అడిగారు కాబట్టి నాకు ఎదురైనవి క్లుప్తంగా. దుబాయ్ వెళ్ళేవాళ్ళు గమనించండి, అక్కడి సిమ్ మీద వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ వెళ్ళవు. ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి. మొదటిసారి ఆ దేశంలోనే ఉన్న ఫుజైరా పోర్టులో ఇది తెలియక రెండు రోజులు ఇంటికి మాట్లాడలేదు, మా ఆవిడ ఏజెంటు ఆఫీసుకు ఫోన్ చేసేసింది. చైనాలో లోకల్ సిమ్ వేస్తే వాట్సాప్, గూగుల్ ఏవీ తెరుచుకోవు. విచిత్రం ఏమిటంటే మన ఇండియా సిమ్‌తో రోమింగ్‌లో ఉంటే అవి పనిచేస్తాయి. ఎందుకంటే రోమింగ్ డేటా అక్కడి నుంచి మన కంపెనీ దాకా వచ్చి, ఇక్కడి నుంచి నెట్‌లోకి వెళుతుంది. అందుకే చైనాకు మాత్రం రోమింగే మేలు. ఐరోపాలో 2017 జూన్ నుంచి ఒక యూరోపియన్ యూనియన్ దేశంలో కొన్న సిమ్ మిగతా సభ్య దేశాల్లోనూ అదే రేటుకు పనిచేస్తుంది. రోటర్‌డామ్‌లో కొన్నది హాంబర్గ్‌లో హాయిగా వాడాను. స్విట్జర్లాండ్, బ్రిటన్ ఆ లెక్కలోకి రావు, కొనేముందు అడగాలి. జపాన్‌లో టూరిస్టులకు అమ్మేవి ఎక్కువగా నెట్ సిమ్‌లే, నంబరు ఆశించకండి. టర్కీలో బయటి నుంచి తెచ్చిన ఫోనులో అక్కడి సిమ్ వేస్తే 120 రోజుల తర్వాత ఫోనే బ్లాక్ అవుతుంది. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళకు దాంతో పని లేదు, చదువులకు వెళ్ళే పిల్లలకు చెబుతున్నాను.

మళ్ళీ మీ అమ్మానాన్నల దగ్గరికి వద్దాం. వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సినవి ఇవి. అమ్మగారి ఫోన్లో నంబర్లన్నిటికీ ముందు +91 చేర్చండి. సింగపూర్ సిమ్ మీద నుంచి పది అంకెలు కొడితే కాల్ ఎక్కడికీ వెళ్ళదు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే 0891లో ముందున్న సున్నా తీసేసి +91 891 అని రాసుకోవాలి. గ్రాబ్ యాప్ వేసి ఇక్కడే ఓటీపీతో రిజిస్టర్ చేయండి, సింగపూర్‌లోనూ మలేషియాలోనూ టాక్సీకి అదే. సింగపూర్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో దిగే రోజుకు మూడు రోజుల లోపు నింపాలి, ఉచితం. మలేషియాకు కూడా అలాంటి డిజిటల్ కార్డే ఉంది, అదీ మూడు రోజుల లోపే. రెండిటినీ స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టండి, నెట్ లేకపోయినా చూపించొచ్చు. చాంగీలో ఉచిత వైఫై ఉంది, సిమ్ కొనేలోపు మీకు "దిగాం" అని మెసేజ్ పెట్టడానికి అది సరిపోతుంది.

తమ్ముడి నంబరు, ఇంటి అడ్రసు, మీ నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉంచండి. అదే కాగితం మీద సింగపూర్ అంబులెన్స్ 995, పోలీసు 999 అని కూడా రాయండి. దాంతో పాటు ఒక సేఫ్టీ పిన్ను గుచ్చండి. సిమ్ ట్రే తీయడానికి పిన్ను లేక చాంగీలో మా ఆవిడ చెవి దిద్దు వాడిన రోజు ఉంది, అది వంకర పోయి ఇంటికొచ్చేదాకా నేను వింటూనే ఉన్నాను.

సిమ్ ఒకటి కొనాలా, రెండా అని మీరు అడగలేదు కానీ, నేనైతే రెండంటాను. ఒకటి కొని, నాన్నగారి ఫోన్‌కు హాట్‌స్పాట్ ఇచ్చుకోవచ్చు, నిజమే. కానీ ముస్తఫా సెంటర్ లాంటి చోట ఆయనొక అంతస్తులో, ఆవిడొక అంతస్తులో ఉంటే ఆ హాట్‌స్పాట్ అందదు. ఇంకో సిమ్ ఖర్చుకు వెనకాడొద్దు. నాన్నగారికి ఇవ్వబోయే ఫోనుకు రెండు సిమ్‌ల స్లాట్లు ఉన్నాయా? ఆ ఫోను మోడల్ ఏదో రాయండి, దానికి తగ్గట్టు మిగతాది చెబుతాను.